ఆఖరి రీలు

అంబాహ్ దాటాక రోడ్డు మట్టిలో కలిసేచోట
మా డేరా సినిమా.
వెదురు బొంగులు, గోనెగుడ్డ గోడలు,
రెండు వరసల బెంచీలు, మిగతాదంతా నేల.
నేను ఆపరేటర్ని.
కార్బన్ కడ్డీలు అరిగేకొద్దీ ముందుకు జరపాలి,
గుర్రాలకి వెలుతురు తగ్గకుండా.

బొమ్మ పేరెందుకు, మీరు చూసే ఉంటారు అలాంటిది.
ఒక దోపిడీ ముఠా, చచ్చిన అన్న, పగబట్టిన తమ్ముడు,
కొండకొమ్మున ఆఖరి పోరు.
చంబల్ లోయల్లో తీశామని పోస్టరు మీద వేశారు.
మొదటి ఆటకే జనం పట్టేశారు అబద్ధాన్ని:
"ఆ బండలెక్కడివిరా, మనకున్నది వాన కోసిన మట్టేగా!"

డేరా బయట హర్‌విలాస్ వేరుశెనక్కాయలు అమ్మేవాడు.
తొమ్మిదేళ్లు ఆ మట్టిగోతుల్లో,
పన్నెండేళ్లు జైల్లో.
డాకూ అని పిలిస్తే పలకడు. బాగీ అనాలి.
ఒక్కనాడూ లోపలికి రాలేదు, చెవులతోనే చూసేవాడు.
"ఆరు గుళ్ల పిస్తోలు పదకొండుసార్లు పేలింది ఇవాళ కూడా"
అనేవాడు, నా బీడీకి నిప్పందిస్తూ.
"మేం తూటాలు లెక్కపెట్టుకుని పడుకునేవాళ్లం,
కోడిపిల్లల్ని గంపకింద లెక్కపెట్టినట్టు.
దాహం సంగతి చెప్పాడా మీ సినిమావాడు?
చొక్కా కుట్లలో పేల సంగతి?
గుర్రాలట గుర్రాలు!
అరికాళ్లు చూడు నావి."
చూశాను. ఎండిన చెరువు అడుగులా ఉన్నాయి.

బతాశో రోజూ వచ్చేది.
రూపాయి పావలా టికెట్టు, ఆడవాళ్ల వైపు చివరి మూల.
ఆఖరి రీలు ఎక్కించబోతుండగా
కొంగు దులుపుకుని లేచి వెళ్లిపోయేది.
ఆమె మొగుణ్ణి కాల్చిందెవరో
ఆ డేరాలో తెలియనివాళ్లు లేరు.
పూతకొచ్చిన ఆవచేలో, పొద్దున్నే,
పోలీసులకి కబురు చేరవేశాడన్న అనుమానం మీద.
చేరవేసింది ఇంకొకడని తర్వాత తేలింది.
తేలితే మాత్రం.

ఇద్దరి మధ్యా ఒక గోనెగుడ్డ. తొమ్మిది రాత్రులు.

ప్రింటు ఒకటే, డేరాలు రెండు.
అవతలి ఒడ్డున పినాహట్‌లో ముందాట పడ్డాక
రీళ్లు పడవెక్కి, సైకిలెక్కి మాకు చేరాలి.
పదోరోజు ఎగువన కోటా దగ్గర గేట్లెత్తారు.
సగం రీళ్లొచ్చాక ఏరు పొంగింది.
ఆఖరిది అవతలే ఉండిపోయింది.

పగ తీరకుండా ఇంటికెవడు పోతాడు?
చెప్పులు లేచాయి. బెంచీ ఒకటి విరిగింది.
మా యజమాని గేందాలాల్‌కి ఏం తోచిందో,
బయటికి పరిగెత్తి హర్‌విలాస్‌ని రెక్కపట్టుకొచ్చాడు:
"రోజూ విన్నావుగా, ఏమవుతుందో చెప్పు వీళ్లకి."

ఫిల్ము లేని వెలుగులో నిలబడ్డాడు.
వెనక తెరమీద అతని నీడ
ఏ విలనుకీ లేనంత పెద్దది.
ఎవడో నవ్వి, ఆపేశాడు.

"ముందు గుర్రాలు," అన్నాడు.
"తర్వాత ఒకడు గట్టిగా నవ్వుతాడు.
తర్వాత ఏమీ ఉండదు, గాలి తప్ప.
తర్వాత పదకొండు.
తర్వాత ఒక ఆడమనిషి ఏడుపు."
ఆగాడు. గుటక పడింది, మైకు లేకున్నా వినబడింది.
"పడ్డవాడెవడో నాకు తెలీదు.
నేనెప్పుడూ ఆగి చూడలేదు."

కడ్డీలు జరపడం మర్చిపోయాను.
వెలుతురు పసుపై, ఎర్రనై,
ఆవపూల రంగు దాటి ఆరిపోయింది.
డబ్బులు వాపసివ్వమని ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి బతాశో చివరిదాకా కూర్చుంది.
అందరూ వెళ్లాక బుట్ట దగ్గరకొచ్చి
పావలా బిళ్ల మూకుడు పక్కన పెట్టింది.
"సరిగ్గా తూయి," అంది.

తక్కెడ ఎత్తాడు.
ఒకవైపు రాయి, ఒకవైపు కాయలు.
ముల్లు ఎంతకీ నిలవలేదు.
ఆమె తొందరపెట్టనూ లేదు.